ఇంట్లో చదివి కాలేజీకి వెళ్లొచ్చా? ఒడిశా సరిహద్దు తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బరంపురంలో ప్లస్ టూ పిల్లలకు లెక్కలు చెబుతాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి కూడా తల్లిదండ్రులు ఫోన్ చేస్తుంటారు. పిల్లను బడి మాన్పించి ఇంట్లో చదివిద్దామనుకునేవాళ్లు కొందరు, ఇప్పటికే మాన్పించేసి ఇక ముందు కాలేజీ సంగతేమిటని టెన్షన్ పడేవాళ్లు కొందరు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎనిమిదో తరగతి దాకా ఇంటి చదువు మీ ఓపిక, పిల్లల ఇష్టం. ఆ పైన ప్రతి అడుగూ కాలేజీ దరఖాస్తులో ఏం అడుగుతారో చూసుకుని వేయాల్సిందే.

ఇంట్లో చదివించడం చట్టానికి విరుద్ధమా? ఎవరైనా వచ్చి కేసు పెడతారా?

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో ఉంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని మాత్రం లేదు. ఇంటి చదువుకు ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్సూ లేదు. నిషేధించలేదు, ఇలా చేయండని దారీ చూపలేదు.

బడి మానేసిన పిల్లల సర్వేకి వచ్చిన టీచరో అంగన్‌వాడీ కార్యకర్తో అడిగితే దాచుకోవాల్సిన పని లేదు. ఏం చదువుతోందో, ఏ పుస్తకాలో చూపించండి. పిల్ల నోట్సులు తేదీలు వేసి దాచిపెట్టుకుంటే అప్పుడు పనికొస్తాయి.

హోమ్ స్కూలింగ్, ఓపెన్ స్కూలు, డమ్మీ స్కూలు, ఇవన్నీ ఒకటేనా?

కాదు. వీటిని కలిపేయడం వల్లే సగం తిప్పలు వస్తున్నాయి.

హోమ్ స్కూలింగ్ అంటే చదువు ఇంట్లో జరగడం. దాని వల్ల ఏ కాగితమూ రాదు. ఓపెన్ స్కూలు అంటే బోర్డు. ఎక్కడ చదివినా సరే, అది పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. ఇంట్లో చదివే పిల్ల కాలేజీకి వెళ్లాలంటే ఈ రెండూ కావాలి. డమ్మీ స్కూలంటే మామూలు బడిలో పేరు ఉంచి, ఫీజు కట్టి, పిల్లను కోచింగ్‌కు పంపడం. సీబీఎస్ఈలో 75 శాతం హాజరు ఉండాలి. డమ్మీ అడ్మిషన్లు నడుపుతున్న బళ్ల మీద ఆ బోర్డు ఈ మధ్య తనిఖీలు చేసి గుర్తింపు కూడా తీసేసింది. పేరు ఒకచోట, మనిషి ఇంకోచోట ఉండే ఆ ఏర్పాటు కంటే ఓపెన్ స్కూలు నూరు రెట్లు నయం. కనీసం అందులో అబద్ధం లేదు.

“సీబీఎస్ఈ టెన్త్ ప్రైవేటుగా కట్టేస్తాం” అనేవాళ్లూ ఉన్నారు. ఎన్నడూ ఆ బోర్డు బడిలో చదవని పిల్ల నేరుగా కట్టడానికి మన వైపు అది దారి కాదు.

సరే, కాలేజీకి ఇంటి చదువు వల్ల నిజంగా లాభమేంటి?

ఒంటరిగా కూర్చుని ఒక పుస్తకంతో కుస్తీ పట్టడం వస్తుంది. చిన్న మాటలా ఉంటుంది కానీ, డిగ్రీ మొదటి సంవత్సరంలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బడిలో నోట్సు చెప్పించుకుని, గైడు బట్టీ పట్టి, రోజూ టెస్టు రాసి వచ్చిన పిల్లకు కాలేజీలో నోట్సు చెప్పేవాళ్లుండరు. లెక్చరర్ పాఠం చెప్పి వెళ్లిపోతారు. మిగతాది లైబ్రరీలో వెతుక్కోవాలి. ఇంట్లో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ముందేసుకుని, అర్థం కాని పేరా మూడుసార్లు చదివి, చివరి అభ్యాసంలో తప్పెక్కడ వచ్చిందో తానే పట్టుకున్న పిల్లకు ఇది కొత్త కాదు.

రెండోది టైము. విశాఖలో హాస్టల్లో ఇంటర్ చదివే పిల్ల తెల్లవారకముందే స్టడీ అవర్‌లో కూర్చుంటుంది, రాత్రి పదిదాకా అదే. ఇంట్లో చదివే పిల్ల నాలుగైదు గంటల్లో అదే సిలబస్ పూర్తిచేయగలదు. వరుసల్లో నిలబడటం, ఇతరుల కోసం ఆగడం, హోంవర్కు కాపీ చేయడం ఉండవు కదా. మిగిలిన టైములో ఒక విషయంలో లోతుకు వెళ్లే అవకాశం ఉంది. ఒకబ్బాయి రెండేళ్లు పిట్టల్ని చూస్తూ గడిపాడు. చిలికా సరస్సు గంటన్నర దూరంలో పెట్టుకుని వేరే ఏం చేస్తాడు! ఇప్పుడు జువాలజీ చదువుతున్నాడు. మొదటి సంవత్సరం క్లాసులో వలస పక్షుల గురించి లెక్చరర్ అడిగితే ఇతనే చెప్పాడట.

మూడోది భాష. మన ఇళ్లలో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. తెలుగు నేర్పే బడి నడిచి వెళ్లేంత దూరంలో ఉండటం ఇప్పుడు ఈ జిల్లాల్లో అదృష్టమే. ఇంట్లో చదివితే కనీసం తెలుగు చదవడం, రాయడం పోకుండా ఉంటుంది.

ప్రైవేటుగా చదవడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పాసయ్యారు. శాసనాలు చదవడం, సవర భాష రెండూ సొంతంగా నేర్చుకున్నారు. అందరూ గిడుగు కాలేరు, ఆ మాట నిజమే. అయితే సొంతంగా చదివేవాళ్లను చదువు రానివాళ్లుగా చూసే అలవాటు మన ఊళ్లకు ఎప్పుడు వచ్చిందో మరి.

మరి ఎక్కడ దెబ్బ తింటారు?

ముందు ఒకటి కళ్లారా చూసింది చెబుతాను. పర్లాకిమిడి నుంచి ఒకబ్బాయి వారానికోసారి నా దగ్గరకు వచ్చేవాడు. కాలిక్యులస్ నోటితో చెప్పేవాడు. పాత ప్రశ్నపత్రం ఇచ్చి మూడు గంటలు కూర్చోబెట్టాను. మొదటి గంట బాగానే నడిచింది. రెండో గంటలో అక్షరాలు వంకర తిరిగాయి, పెన్ను పక్కన పెట్టి వేళ్లు విరుచుకోవడం మొదలుపెట్టాడు. పేపరు ముగిసేసరికి వచ్చిన లెక్కలే నాలుగు మిగిలిపోయాయి. వాడికి లెక్కలు రాకపోవడం కాదు, మూడు గంటలు ఏకబిగిన చేత్తో రాయడం వాడి జన్మలో అదే మొదటిసారి. ఇంట్లో ఎప్పుడు విసుగొస్తే అప్పుడు లేచేవాడు, మంచినీళ్లు తాగేవాడు, మళ్లీ కూర్చునేవాడు. వాళ్లమ్మ కూడా “పోనీలే, వచ్చు కదా” అనేది.

ఈ “వచ్చు కదా” అన్నదే ఇంటి చదువులో పెద్ద గొయ్యి. వచ్చినదాన్ని, ఇంకెవరో పెట్టిన గడువులో, ఇంకెవరో దిద్దేలా రాసి ఇవ్వడం వేరే విద్య. కాలేజీ అంతా దాని మీదే నడుస్తుంది. అసైన్‌మెంటు శుక్రవారం ఇవ్వాలంటే శుక్రవారమే. అమ్మ దిద్దితే పిల్ల ఏమనుకుందో అమ్మకు తెలుసు, సగం రాసినా మార్కు వేసేస్తుంది. తెలియని మనిషి వేయడు. అందుకే పేపరు దిద్దించడం మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. తెలిసిన టీచరు ఎవరికైనా నెలకోసారి ఇవ్వండి. మార్కులు తక్కువేసినా బాధపడొద్దు.

తర్వాతది ల్యాబు. రాయగడ దగ్గర ఒకమ్మాయి కెమిస్ట్రీ పుస్తకం మొత్తం కంఠతా వచ్చినట్టే చదివింది. మొదటిసారి టైట్రేషన్‌కు నిలబెట్టినప్పుడు బ్యూరెట్ కొళాయి ఎంత తిప్పితే చుక్క చుక్కగా పడుతుందో చేతికి తెలియలేదు. ఒక చేత్తో కొళాయి, ఇంకో చేత్తో ఫ్లాస్కు ఆడించాలి. లేత గులాబీ రంగు నిలవగానే ఆపాలని పుస్తకంలో ఉంది, ఆమెకు తెలుసు కూడా. తీరా చూస్తే ఫ్లాస్కులో ముదురు గులాబీ. మళ్లీ కడిగి మొదలుపెట్టింది, మళ్లీ ముదిరింది. ఇది వీడియో చూసి వచ్చేది కాదు. సైన్సు తీసుకోవాలనుకునే పిల్లకు ల్యాబు ఎక్కడ దొరుకుతుందో తేల్చుకోకుండా ఇంటి చదువు మొదలెట్టొద్దు.

చివరిది పోలిక. నలభై మంది ఉన్న క్లాసులో మన పిల్ల ఎక్కడుందో పిల్లకే తెలుస్తుంది. ఇంట్లో ఒకే ఒక్కర్తి కాబట్టి ఎప్పుడూ ఫస్టే. కొందరికి దీనివల్ల అతి నమ్మకం వస్తుంది, ఇంకొందరికి అసలు నమ్మకమే ఉండదు. ఒలింపియాడ్లు, ఏదైనా కోచింగ్ సెంటర్ టెస్ట్ సిరీస్ బయట నుంచి రాయడం లాంటివి ఏడాదికి రెండు మూడైనా పెట్టుకోండి.

ఓపెన్ స్కూల్లో టెన్త్, ప్లస్ టూ ఎలా రాయాలి?

మన జిల్లాల వాళ్లకు ఎక్కువగా అనువైనది ఎన్ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. 1989లో నేషనల్ ఓపెన్ స్కూలుగా మొదలైంది, కేంద్ర ప్రభుత్వానిది. భువనేశ్వర్‌లో దీని ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆన్‌లైన్‌లో కట్టి, దగ్గరలో ఉన్న స్టడీ సెంటర్ ఎంచుకోవాలి.

టెన్త్‌కు 14 ఏళ్లు, ప్లస్ టూకు 15 ఏళ్లు నిండాలి. కనీసం ఐదు సబ్జెక్టులు. పాస్ మార్కు 33 శాతం. ఒకసారి చేరితే ఐదేళ్లు గడువు, తొమ్మిది అవకాశాలు. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరు. ఇంట్లో రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులుంటాయి, వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. టెన్త్ పాసైన రెండేళ్లకు గానీ ప్లస్ టూ సర్టిఫికెట్ రాదు. “మావాడు చురుకు, ఏడాదిలో రెండూ లాగించేస్తాడు” అనుకునేవాళ్ల పప్పులు ఇక్కడ ఉడకవు.

స్టడీ సెంటర్ ఎంచుకునేటప్పుడు ఇంటికి దగ్గరా అని కాదు, అక్కడి ల్యాబు వాడుకలో ఉందా అని చూడండి. వెళ్లి తలుపు తీయించి చూడండి. బీకర్ల మీద దుమ్ము మందంగా ఉంటే వేరే సెంటర్ చూసుకోవడం మేలు.

పాసయ్యాక మార్కుల లిస్టు, సర్టిఫికెట్‌తో పాటు మైగ్రేషన్ కమ్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ కూడా ఇస్తారు. కాలేజీలో “టీసీ ఏది?” అంటే చూపించాల్సింది అదే. కొన్ని కాలేజీల గుమస్తాలకు అది టీసీ అని తెలియదు. కాస్త ఓపికగా చూపించాలి.

జేఈఈ, నీట్ రాయనిస్తారా?

రాయనిస్తారు.

జేఈఈ మెయిన్‌కు ఎన్ఐఓఎస్ ప్లస్ టూ చెల్లుతుంది, ఐదు సబ్జెక్టులు ఉండాలి. అసలు చిక్కు మార్కుల దగ్గర. ఎన్ఐటీల్లాంటి చోట సీటు తీసుకోవాలంటే ప్లస్ టూలో 75 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకు 65. లేదంటే ఆ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. ర్యాంకు వచ్చి ఈ మార్కులు రాకపోతే ఆ ఏడుపు ఎవరూ తీర్చలేరు. ఓపెన్ స్కూల్లో పాసవ్వడం సులువు, 75 తెచ్చుకోవడం అంత సులువు కాదు.

ఇంకో మెలిక ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయొచ్చు. ప్లస్ టూ పరీక్షకు మొదటిసారి హాజరైంది ఆ ఏడాదిలో గానీ అంతకు ముందు ఏడాదిలో గానీ అయ్యుండాలి. ఓపెన్ స్కూలు ఇస్తున్న వెసులుబాటుతో సబ్జెక్టుకో ఏడాది చొప్పున సాగదీస్తే ఇక్కడ ఇరుక్కుంటారు. ఐఐటీ మనసులో ఉంటే ప్లస్ టూ అన్ని సబ్జెక్టులూ ఒకే ఏడాది రాయించండి.

నీట్ సంగతి వేరే కథ. ఓపెన్ స్కూలు పిల్లలకు ఒకప్పుడు అందులో ప్రవేశం లేదనేవారు. 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ నిబంధన చెల్లదంది. 2024లో సుప్రీంకోర్టులో కూడా ఆ విషయం ఓపెన్ స్కూలు పిల్లలకు అనుకూలంగానే తేలింది. ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు నాలుగూ ఉండాలి. ఆ ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలి. పిల్లను పెద్ద తరగతిలోకి తోసేద్దామనే తల్లిదండ్రులు ఈ వయసు లెక్క ముందు వేసుకోండి.

బరంపురం ఐఐఎస్ఈఆర్, కోరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి వాటిలో?

ఐఐఎస్ఈఆర్ అంటే సైన్సు చదువుకు, పరిశోధనకు పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. దానికి దాని ఆప్టిట్యూడ్ టెస్టు రాయాలి, ప్లస్ టూలో 60 శాతం ఉండాలి. 2016లో మన ఊరికే వచ్చిన సంస్థ, అయినా మన పిల్లల్లో దాని పేరు తెలిసినవాళ్లు తక్కువ. నా ఉద్దేశంలో ఇంట్లో లోతుగా చదివిన పిల్లకు ఇంజనీరింగ్ కాలేజీ కంటే ఇదే బాగా నప్పుతుంది. కోరాపుట్‌లోని ఒడిశా సెంట్రల్ యూనివర్సిటీ లాంటి వాటికి 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది. ప్లస్ టూ సర్టిఫికెట్ ఉంటే ఓపెన్ స్కూలా మామూలు బడా అన్న తేడా లేదు. రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీలకు, అంటే ప్లస్ త్రీకి, శామ్స్ అనే ఒడిశా ప్రభుత్వ అడ్మిషన్ పోర్టల్‌లో కట్టాలి. బోర్డు పేరు ఎంచుకునే చోట జాగ్రత్త. తొందరలో ఒడిశా బోర్డు నొక్కేస్తే రోల్ నంబరు కుదరక ఫారం ఆగిపోతుంది.

మా బాబు తెలుగులో చదివాడు. జేఈఈ, నీట్ తెలుగులో రాయొచ్చా?

జేఈఈ మెయిన్‌కు, నీట్‌కు తెలుగు ప్రశ్నపత్రం ఉంది, ఒడియా కూడా ఉంది. కాకపోతే నీట్‌లో తెలుగు పత్రం ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు. బరంపురం సెంటర్ పెట్టుకుంటే ఒడియా, హిందీ, ఇంగ్లీషు దొరుకుతాయి, తెలుగు దొరకదు. కాబట్టి తెలుగు పేపరు కావాలంటే శ్రీకాకుళమో విశాఖో సెంటర్ ఎంచుకోవాలి. రైలు ప్రయాణం, ముందు రోజు రాత్రి బస లెక్కలో పెట్టుకోండి. అయితే ఒక మాట: కాలేజీలో పాఠం ఇంగ్లీషులోనే ఉంటుంది. పదకొండో తరగతి నుంచి ఫిజిక్సు, లెక్కలు ఇంగ్లీషు పుస్తకంలో చదివిస్తే తర్వాత గొడవ తగ్గుతుంది. అర్థం చేసుకోవడం తెలుగులోనే చేసుకోనివ్వండి, తప్పేం లేదు.

ఇంట్లో చదివిస్తున్నప్పుడు ఒడియా నేర్పడం తప్పనిసరా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సింది మాత్రం ముందు ఇదే.

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు మామూలుగా ఏడో తరగతి స్థాయిలోనో ఆ పైనో ఒడియా ఒక భాషగా పాసైనట్టు ఆధారం అడుగుతారు. బడికి వెళ్లిన పిల్లకు ఇది తనంత తానుగా వచ్చేస్తుంది. ఇంట్లో చదివిన తెలుగు పిల్లకు రాదు. డిగ్రీ అంతా అయిపోయి, ఉద్యోగం నోటిఫికేషన్ చేతిలో పట్టుకున్నాక ఈ సంగతి బయటపడితే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఓపెన్ టెన్త్‌లో ఒడియాను ఒక భాషగా పెట్టుకుంటే ఈ బెడద ఉండదు. అప్పుడు ఇంగ్లీషు, ఒడియా రెండు భాషలు అవుతాయి, తెలుగుకు చోటుండదు అని బాధపడతారు. తెలుగు ఇంట్లో పరీక్ష లేకుండా నేర్పుకోండి. మా నాన్నగారు నాకు శతక పద్యాలు అలాగే నేర్పారు, ఎవరూ మార్కులు వేయలేదు, ఇప్పటికీ వస్తాయి.

ఉద్యోగం సంగతి అలా ఉంచినా, ఇక్కడి కాలేజీల్లో లెక్చరర్ ఇంగ్లీషులో మొదలుపెట్టి అర్థం కాని చోట ఒడియాలోకి దిగుతారు. జోకు కూడా ఒడియాలోనే వేస్తారు. క్లాసంతా నవ్వుతుంటే మన పిల్ల ఒక్కర్తే దిక్కులు చూడకూడదు కదా.

ఆంధ్రలో సీటు కావాలంటే? మేం ఉండేది పర్లాకిమిడి, పాతపట్నం పక్కనే.

పక్కనే అయినా రాష్ట్రం వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గీసిన గీత అది. దాని ఫలితం ఇప్పుడు మన పిల్లల అడ్మిషన్ ఫారాల్లో కనిపిస్తుంది.

ఆంధ్రలో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో మొదలైన పద్ధతి ఇది. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. ఏ విద్యాసంస్థలోనూ చదవనివాళ్లకు నాలుగేళ్ల నివాసం చూస్తారు. అంటే ఇంటి చదువు పిల్లకు స్టడీ సర్టిఫికెట్ లేకపోయినా నివాసంతో లోకల్ కావచ్చు, కానీ నిజంగా అక్కడ నాలుగేళ్లు ఉండాలి. చుట్టాల ఇంటి అడ్రసుతో తహసీల్దారు ఆఫీసులో సర్టిఫికెట్ సంపాదిద్దాం అనే ఆలోచన పెట్టుకోకండి. కౌన్సెలింగ్‌లో ఆధార్, రేషన్ కార్డు, పరీక్ష సెంటరు అన్నీ ఒడిశావి కనిపిస్తాయి.

కుల ధ్రువపత్రం విషయం కూడా అంతే. ఒడిశాలో తీసుకున్నది ఆంధ్ర రాష్ట్ర కోటాలో పనికిరాదు, అక్కడిది ఇక్కడ పనికిరాదు. అందుకే ఏ రాష్ట్రంలో కాలేజీ చదివించాలో ఎనిమిదో తరగతి అయ్యేలోపే ఇంట్లో తేల్చుకోమని నేను మొత్తుకునేది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు సరిగ్గా లెక్కకు వస్తాయి.

మా అమ్మాయిని ఎనిమిదితో ఆపి ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నాం. హైస్కూలు దూరం, రోజులు బాగాలేవు.

మొహమాటం లేకుండా చెబుతాను. ఈ ప్రశ్న అబ్బాయి గురించి నన్ను ఎవరూ అడగలేదు. “ఇంట్లో చదువుకుంటుంది లెండి” అన్న మాట వెనక చాలా ఇళ్లలో చదువు ఉండదు. వంట, తమ్ముడు, నాయనమ్మకు మందులు, మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికితే పుస్తకం. రెండేళ్లకు సంబంధాలు చూడటం మొదలవుతుంది. దీన్ని హోమ్ స్కూలింగ్ అనడం ఆ పిల్లను మోసం చేయడమే.

నిజంగా చదివించే ఉద్దేశమే అయితే నాలుగు అడుగుతాను. రోజులో ఏ గంటలు ఆమెవి, ఆ టైములో ఎవరూ పని చెప్పకూడదు, మీరు ఒప్పుకుంటారా? ఓపెన్ టెన్త్ ఫీజు ఏ ఏడాది కడతారు? ల్యాబుకు, స్టడీ సెంటర్‌కు ఎవరు తీసుకెళ్తారు? ప్లస్ టూ అయ్యాక హాస్టల్‌కు పంపుతారా? వీటికి జవాబు తడుముకుంటుంటే, హైస్కూలు పక్కన హాస్టల్ చూడండి, సైకిల్ కొనివ్వండి, తోటి అమ్మాయిలతో కలిపి ఆటో మాట్లాడండి. ఇంటి చదువు వద్దు.

ఆమె సొంతంగా అడిగి ఇంట్లో చదువుతానంటే అది వేరే సంగతి. అలాంటి అమ్మాయిలూ ఉన్నారు, బాగా చదివారు కూడా.

నేను డిగ్రీ చదువుకోలేదు. ఇంట్లో నేర్పగలనా?

ఎనిమిదో తరగతి దాకా నేర్పగలరు. మీరూ పిల్లతో పాటు చదవాలి, అంతే. ఆ పైన మీరు టీచరు కానక్కర్లేదు, టైము చూసే మనిషి అయితే చాలు. దీక్షా, స్వయం లాంటి ప్రభుత్వ వేదికల్లో పాఠాలు ఉచితం, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు కూడా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. లెక్కలకు, సైన్సుకు ట్యూషన్ పెట్టండి. ఇంట్లో ఈ బరువంతా ఎప్పుడూ అమ్మ మీదే పడుతుంది. నాన్న ఆదివారం ఒక గంట కూర్చుని మార్కులు అడగడం సాయం కిందికి రాదు.

పిల్లకు స్నేహితులుండరేమో, కాలేజీలో కలవలేదేమో?

కొన్ని నెలలు ఇబ్బంది పడుతుంది, తర్వాత కలిసిపోతుంది. ఇంట్లో అందరి వయసుల వాళ్లతో మాట్లాడి పెరిగిన పిల్లలు లెక్చరర్లతో బెరుకు లేకుండా మాట్లాడతారు, హాస్టల్ రూమ్మేటుతో బకెట్ దగ్గర గొడవ పడటం మాత్రం రాదు. ఆటలకు, ఎన్‌సీసీ లేకపోయినా ఏదైనా క్లబ్బుకు, వేసవి శిబిరానికి పంపండి.

సర్టిఫికెట్లేమీ లేకుండా, తెలివితోనే కాలేజీలో చేరొచ్చా?

2016లో ముంబైకి చెందిన ఒకమ్మాయి పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేకుండానే అమెరికాలోని ఎంఐటీలో చేరింది. అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు తెచ్చుకున్న పిల్ల ఆమె. అదే అమ్మాయికి ఇక్కడ ఐఐటీలో చోటు లేదు, పన్నెండో తరగతి లేదు కాబట్టి. పేపర్లలో ఆ వార్త చదివి నాకు చాలామంది ఫోన్ చేశారు. మీ పిల్లకు పతకాలు ఉంటే చెప్పండి, మాట్లాడుకుందాం. లేకపోతే ఓపెన్ స్కూలు ఫీజు కట్టండి.

ఒకతను పరీక్ష రాయకుండానే టెన్త్ సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు.

ఇస్తాడు. అది ఎక్కడా పనికిరాదు. పేరులో “బోర్డు”, “ఓపెన్”, “ఆల్ ఇండియా” అన్నీ ఉన్నా నకిలీ బోర్డులు బోలెడున్నాయి. బోర్డుల మండలి కాబ్సే జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూడండి. డబ్బు పోవడం ఒకెత్తు, కాలేజీలో రెండో ఏడాది వెరిఫికేషన్‌లో దొరికిపోతే పిల్ల భవిష్యత్తు ఇంకొకెత్తు.

ఇంటి చదువు కుదరలేదు. మళ్లీ బడిలో వేయొచ్చా?

14 ఏళ్ల లోపు అయితే హాయిగా. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, టీసీ లేదని ప్రభుత్వ బడి వెనక్కి పంపకూడదు. తొమ్మిదో తరగతి నుంచి ఆ రక్షణ ఉండదు. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ అడుగుతారు. ఎన్ఐఓఎస్‌లో ఎనిమిదికి సమానమైన స్థాయి పరీక్ష కూడా ఉంది, రాయించి పెట్టుకుంటే మంచిది.

మా వాడిని తొమ్మిదో తరగతి మధ్యలో మాన్పించాలనుకుంటున్నాం. ఇప్పుడేం చేయాలి?

ఈ ఏడాది పూర్తయ్యేదాకా ఆగండి. తొమ్మిది పాసైన మార్కుల కాగితం, టీసీ చేతికి వచ్చాక మాన్పించండి. టీసీలో పుట్టిన తేదీ, ఇంటిపేరు ఆధార్‌తో కలిశాయా చూడండి. ఒడియాలో రాసి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మన ఇంటిపేర్లు అక్షరం అక్షరం మారిపోతుంటాయి. ఓపెన్ టెన్త్‌లో అదే తప్పు పడితే ఆ పేరే జన్మంతా వెంటపడుతుంది. టీసీ ఇవ్వడానికి బడిలో సతాయిస్తే రాతపూర్వకంగా అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆ తర్వాత ఏప్రిల్–మే పరీక్షకా, అక్టోబరు–నవంబరు పరీక్షకా అన్నది ప్లస్ టూ ఏ ఏడాది ముగించాలో లెక్కేసి కట్టండి. ఆ లెక్క దగ్గర అనుమానం ఉంటే వాణ్ని తీసుకుని ఒక ఆదివారం రండి, క్యాలెండర్ ముందేసుకుని చూద్దాం.